మెటల్ మూత జిల్లుమన్న వేసవి

మా ల్యాబులో చేరే ప్రతి కొత్త బ్యాచిలోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. "మేడం, లాప్‌టాప్ కొంటున్నాం. మెటల్ బాడీ తీసుకోవాలా, ప్లాస్టిక్ బాడీ తీసుకోవాలా? ఏది ఎక్కువ కాలం వస్తుంది?"

నేను వెంటనే జవాబు చెప్పను. "మీ ఇంట్లో ప్లగ్గు పాయింటుకు పైనుండే పెద్ద రంధ్రం పనిచేస్తుందా?" అని అడుగుతాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నా గొంతు చిన్నది కాబట్టి నేనేదో అంటే తమకు ఇంకేదో వినిపించిందనుకుంటారు. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతానో క్లాసు ముందు నిలబడి చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. రాయమంటే మాత్రం రాయగలను. అందుకే ఇది మీకోసం రాస్తున్నాను.

కడపలో ఈ ఉద్యోగానికి రాకముందు ఐదేళ్లు కర్నూలులో ఒక లాప్‌టాప్ రిపేరు షాపులో పనిచేశాను. కింద మందుల షాపు, పక్కన ఇరుకు మెట్లు, పైన మాది ఒకే గది. డిప్లొమా సర్టిఫికెట్టు పట్టుకుని ఆ మెట్లెక్కిన రోజు నేను మాట్లాడినవి రెండే మాటలు. ఒకటి నా పేరు, రెండోది "రేపటి నుంచి వస్తాను సార్". తర్వాతి నెలంతా కూడా దాదాపు అంతే. ఆ పనిలో నాకు నచ్చిందే అది. స్క్రూలు మనల్ని ఏమీ అడగవు. కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసుకుని, ఏ స్క్రూ ఎక్కడ తీశామో అక్కడే గుచ్చి పెట్టుకుంటే చాలు. సాయంత్రానికి అన్నీ తమ తమ ఇళ్లకు చేరిపోతాయి.

షాపు ఓనరు పెద్దాయన. రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసిన కాలం నుంచీ అదే గదిలో ఉన్నారు. ఏ లాప్‌టాప్ వచ్చినా ముందు దాని మూతను వేలి కణుపుతో టకటకా కొట్టి చెవి వంచి వినేవారు, సంతలో కుండ కొనేవాళ్లలాగా. మెటల్ అయితే ఖణేల్‌మనేది. ఆయన మొహం వెలిగేది. ప్లాస్టిక్ అయితే డబ్‌మనేది. అప్పుడు భాయ్ మొహం వెలిగేది. భాయ్ మా సీనియర్ మెకానిక్. వాళ్లిద్దరికీ టీ లేకపోయినా పొద్దు గడిచేదిగానీ ఈ వాదన లేకపోతే గడిచేది కాదు.

"ఇనుము ఇనుమే భాయ్. ప్లాస్టిక్కు మన ఎండకు రెండేండ్లలో గుల్లయితాది."

"అరె, ఇనుమెక్కడిది అన్నా? అల్యూమినియం అది. మా ఇంట్లో అన్నం తపేలా కూడా అదే. కింద పడితే సొట్ట. ఆ సొట్ట జిందగీలో లేస్తాదా? ప్లాస్టిక్ వంగుతాది, మళ్లా లేస్తాది. మనిషి మాదిరి."

"విరిగితే?"

"అతికిస్తా. నేను ఉండేది ఎందుకు?"

వాళ్ల వాదన విని నేను ఇంటికెళ్లి డైరీలో రాసుకునేదాన్ని. ఎవరు నెగ్గారన్నది కాదు, ఆరోజు వచ్చిన లాప్‌టాప్‌ల సంగతి. ఏ బాడీ, ఎక్కడి నుంచి పడింది, ఏం విరిగింది. నందికొట్కూరు రోడ్డులో బుల్లెట్ మీది నుంచి జారిన మెటల్ లాప్‌టాప్‌కి మూల సొట్ట పడి, ఆ సొట్ట లోపలికి నొక్కి, తెర పగిలింది. బద్వేలు నుంచి వచ్చిన ప్లాస్టిక్ లాప్‌టాప్ మీదికి మేకపిల్ల ఎక్కి, కాసేపు నిలబడి, దిగిపోయింది. దానికి ఏమీ కాలేదు. నాలుగు బటన్లు మాత్రం మేకపిల్ల తిన్నదట. మా అమ్మ ఆ నోట్‌బుక్కులో కవితలున్నాయని చాలాకాలం నమ్మింది.

ఏడాది పైగా రాశాక ఒక సంగతి తెలిసింది. పడితే ప్లాస్టిక్ ఓర్చుకుంటుంది. కానీ రోజూ తెరిచి మూసే చోట ఓర్చుకోలేదు. మూతను పట్టుకుని ఉండే మడతబందు స్క్రూలు ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్టుల్లోకి దిగుతాయి. తెరిచీ మూసీ, తెరిచీ మూసీ, ఏదో ఒకరోజు ఆ నట్టు తన చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను పెళ్లగించుకుని ఊడొస్తుంది. మెటల్‌లో ఆ గొడవ తక్కువ. ఇది కనిపెట్టిన రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది. ఎవరికీ చెప్పలేదు.

డైరీలో రాయని సంగతి కూడా ఒకటుంది. షాపులో మెటల్ లాప్‌టాప్ ఛార్జింగులో ఉండగా మూత మీద వేలు జారిస్తే సన్నగా గరగరమనేది, నిద్రపోతున్న పిల్లి మీద చెయ్యి వేసినట్టు. ఒకసారి పెద్దాయనను అడిగాను. "మెటల్ కదమ్మా, అట్లే ఉంటాది" అన్నారు. సరేననుకున్నాను. అది విరగడమూ కాదు, పగలడమూ కాదు. నా నోట్‌బుక్కులో దానికి గడి లేదు.

మూడో ఏడు చలికాలంలో ఆలూరు దగ్గరి పల్లె నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. అక్కడి చర్చి పక్కనున్న హాల్లో ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంది. గోనెసంచిలో దుప్పట్లు చుట్టి పన్నెండు పాత ప్లాస్టిక్ లాప్‌టాప్‌లు తెచ్చింది. అన్నిటికీ మడతబందులు ఊడిపోయాయి.

"మూతలు నిలబడవు సార్. ఒక్కోదాని వెనక ఒక్కో ఇటుక పెట్టినాము. చూసేటోళ్లు ఇల్లు కడతాండారా, కంప్యూటర్ నేర్పుతాండారా అని అడుగుతాండారు. రోజుకు నాలుగు బ్యాచులు. ఈసారి శానా దినాలు వచ్చేటివి ఇయ్యండి."

"మెటల్" అన్నారు పెద్దాయన.

"ప్లాస్టికే తీసుకోమ్మా, నేను బందులు గట్టిగా వేసిస్తా" అన్నాడు భాయ్.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. నీ బుక్కు ఏమంటాంది?" అన్నారు పెద్దాయన.

నా బుక్కు సంగతి వాళ్లకు తెలుసని నాకు ఆ క్షణం దాకా తెలియదు. చేతిలో ఉన్న స్క్రూ కింద పడింది. దానికోసం వంగి, టేబుల్ కింద నుంచే, "మెటల్" అన్నాను.

"చూడు, నేల కింద నుంచి కూడా సాక్ష్యం పలికింది" అన్నారు పెద్దాయన. వాడిన మెటల్ లాప్‌టాప్‌లు పన్నెండు బాగుచేసి పంపాము. నా మాట మీద జరిగిన మొదటి పని అది. ఆ వారమంతా మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

ఎండాకాలం వచ్చింది. ఒకరోజు టీచరమ్మ ఫోన్ చేసింది. పెద్దాయన స్పీకర్ పెట్టారు.

"సార్, మీ లాప్‌టాప్‌లు కరుస్తాండాయి!"

"కరవడమేందమ్మా?"

"ముట్టుకుంటే జిల్లుమంటాండాది సార్. పిల్లలు చేతులు పెట్టడంల్యా. ఇద్దరు తల్లులు వచ్చి మా పిల్లను పంపము అని చెప్పిపోయినారు. పది దినాల్లో పరీక్ష ఉండాది. ఈ బ్యాచు చెదిరిపోతే ఊర్లో ఇంకెవరూ ఆడపిల్లను పంపరు సార్. ఆ పాతవే నయం. ఇటుక పెడితే నిలబడేవి, కరిచేవి కాదు."

ఫోన్ పెట్టేశాక భాయ్ గొంతు సవరించుకున్నాడు. "బేటీ, నీ బుక్కులో ఇంకో గడి గీయి. పడినవి, విరిగినవి, కరిచినవి."

"నువ్వే చెప్పినావు కాబట్టి నువ్వే పోయి చూసిరామ్మా" అన్నారు పెద్దాయన. ఆయన గొంతులో కోపం లేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. అంతవరకూ షాపు దాటి ఒంటరిగా ఏ పనికీ వెళ్లలేదు నేను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, ఆలూరులో దిగి, ఆటోలో ఆ పల్లెకు వెళ్లాను. దారిలో ఏం మాట్లాడాలో డైరీ వెనక పేజీలో రాసుకున్నాను. 'నమస్కారం. నేను షాపు నుంచి వచ్చాను.' అంతకు మించి ముందుకు సాగలేదు.

హాలు గడపలో నిలబడి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదిమంది అమ్మాయిలు, రెండు ఖాళీ కుర్చీలు. ఒకమ్మాయి చేతులకు సాక్సులు తొడుక్కుని టైపు చేస్తోంది. ఒకమ్మాయి కాళ్లు రెండూ కుర్చీ మీదికి ముడుచుకుని కూర్చుంది. ఇంకొకమ్మాయి చెక్క స్కేలుతో ఒక్కో బటనూ పొడుస్తోంది, నిప్పుల్లోంచి వేరుశనగకాయలు ఏరుతున్నట్టు.

నేను టెస్టరు తీసి పన్నెండు మూతల మీదా పెట్టాను. దేనిమీదా దీపం వెలగలేదు. చేత్తో తాకాను. ఏమీ లేదు.

టీచరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "చూడు! డాక్టర్ను చూస్తానే జరం తగ్గిపోయినట్టు! నువ్వు బస్సెక్కినాక మళ్లా మొదలుపెడతాయి."

"మధ్యాహ్నం దాకా ఉంటాను" అన్నాను. అన్నం పెట్టారు. సద్ద రొట్టె, గోంగూర పచ్చడి. తిని వచ్చి మళ్లీ టెస్టరు పెట్టాను. దీపం వెలిగింది. పక్కదాని మీదా వెలిగింది. పన్నెండింటి మీదా వెలిగింది. వేలు ఆనిస్తే గరగర కాదు, చీమ కుట్టినట్టు చురుక్కుమంది.

ఒకదాని ఛార్జరు పీకాను. దీపం ఆరింది. అంటే లాప్‌టాప్‌ది కాదు తప్పు, గోడలోంచి వస్తోంది. ప్లగ్గులో పైనుండే పెద్ద రంధ్రం ఎర్త్ వైరుది. ఎక్కడైనా కరెంటు తప్పిపోయి బయటికి కారితే దాన్ని భూమిలోకి పంపేయడం ఆ వైరు పని. ఇక్కడ అది తలకిందులైంది. ఎక్కడో కారిన కరెంటు భూమిలోకి పోలేక, ఆ వైరు వెంబడే తిరిగొచ్చి పన్నెండు మెటల్ ఒళ్ల మీదికీ చేరుతోంది. పాత ప్లాస్టిక్‌వి ఉన్నప్పుడు కూడా ఇది జరిగే ఉంటుంది. ప్లాస్టిక్ కాబట్టి చేతికి తెలియలేదు.

మరి పొద్దున లేనిది మధ్యాహ్నమే ఎందుకు? తల తిప్పి చూశాను. కిటికీ పక్కన పెద్ద ప్లాస్టిక్ కూలర్ గుర్రుమంటూ తిరుగుతోంది. ఎండ ముదిరాక మధ్యాహ్నమే వేస్తారట.

"కూలర్ ఆపండి" అన్నాను.

ఎవరికీ వినిపించలేదు. ఆ కూలర్ చప్పుడులో నా గొంతు నాకే వినిపించలేదు. ఇంకోసారి అన్నాను. ముందు వరుసలో అమ్మాయి "ఏంది అక్కా?" అంది. ఇక మాటలతో కాదని లేచి వెళ్లి స్విచ్చి నేనే ఆపేశాను.

హాలంతా ఒక్కసారి గోలెత్తింది. "అక్కా, సచ్చిపోతాము!" "షాకన్నా కొట్టనీలే అక్కా, గాలి ఉండనీ!" "లాప్‌టాప్ బాగుచెయ్యమంటే కూలర్ ఆపుతాంది జూడు!"

టెస్టరు మూత మీద పెట్టాను. దీపం లేదు. కూలర్ వేశాను. దీపం వెలిగింది. ఆపాను. ఆరింది. మూడోసారికి అమ్మాయిలు గోల ఆపి నా చుట్టూ మూగారు. నాలుగోసారికి "నేను వేస్తా అక్కా, నేను వేస్తా" అని స్విచ్చి కోసం తోసుకున్నారు. టీచరమ్మ మాత్రం కుర్చీలో కూలబడింది. "దాన్ని తాకితే ఏమీ కాదు గదా" అంది.

"దాని ఒళ్లు ప్లాస్టిక్. లోపల నీళ్లు తోడే మోటారు పాడైంది. దాని తప్పు వీటి మీద తేలింది" అన్నాను. నాకు గుర్తున్నంత వరకూ పదిమంది ముందు నేను వరుసగా మూడు వాక్యాలు మాట్లాడడం అదే మొదలు.

అప్పుడే నాకు ఇంకోటి తట్టింది. ఒళ్లు ప్లాస్టిక్ సరే, నీళ్లో? "దీనిలో నీళ్లు ఎవరు పోస్తారు?" అని అడిగాను. అందరూ ఒకమ్మాయి వైపు చూశారు. అందరికన్నా వెనక, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్లుంటాయేమో. పొద్దుటి నుంచి ఆమె గొంతు నేను వినలేదు.

గోలంతా సద్దుమణిగాక ఆమె పక్కకు వెళ్లి మెల్లగా అడిగాను. "నీకెప్పుడైనా చెయ్యి జిల్లుమందా?"

చాలాసేపు నేల చూసింది. నాకు ఆ చూపు బాగా తెలుసు. తొందరపెట్టలేదు.

"రోజూ అంటాంది అక్కా" అంది చివరికి. "స్టీలు బిందెతో పోస్తా. నీళ్లు తగిల్తానే మోచేతి దాకా జుమ్మంటాది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"రెండేండ్లు అడిగితే వచ్చినాది ఈ కూలర్. చెప్తే తీసేస్తారు గదా. నా ఒక్కదాని చెయ్యే గదా అనుకున్యా."

నేను ఆమె కాళ్ల వైపు చూశాను. ఆ హాల్లో నేలకు గచ్చు. ఆమెకు కాళ్లకు చెప్పులు లేవు. ఆ పన్నెండు మెటల్ మూతలు చురుక్కుమని గొడవ చేయకపోయి ఉంటే, ఈ అమ్మాయి నోరు మూసుకుని ఇంకెన్ని రోజులు బిందెలు పోసేదో నాకు ఊహించాలనిపించలేదు. షాపులో నా వేలికి తగిలిన గరగర గుర్తొచ్చింది. నేను కూడా ఒక్కసారి అడిగి ఊరుకున్నదాన్నే కదా.

మెయిన్ ఆపించాను. కూలర్ ప్లగ్గు పీకేశాను. ఇక మిగిలింది, కారిన కరెంటు భూమిలోకి ఎందుకు పోలేదన్నది. "ఎర్త్ గుంత ఎక్కడుంది?" అంటే ఎవరికీ తెలియదు. చర్చి ఊడ్చే అవ్వ గడపలో కూర్చుని ఇదంతా సినిమాలాగా చూస్తోంది.

"ఏం గుంత పాపా?"

"భూమిలో కడ్డీ పాతి, ఉప్పు, బొగ్గులు వేసిన గుంత, అవ్వా."

"ఓ, మా ఆయప్ప గుంతనా! అట్ల అడగాల గదా!" ఆయప్పంటే ఆమె భర్త. అవ్వ చీపురు పక్కన పెట్టి లేచింది. "ఆయప్ప ఉన్నెప్పుడు ఎండాకాలమంతా పొద్దున్నే రెండు బిందెలు దానికి పోస్తాండె. మనుషులకే నీళ్లు లేకుంటే గుంతకేందయ్యా అని నేను తిడతాంటి. భూమికీ దప్పికయితాది, లేకుంటే చర్చిలో మైకు ముట్టుకున్నోళ్లను కొడతాది అంటాండె. ఆయప్ప పోయి మూడేండ్లాయె. యాడ పోస్తారు ఇంక?"

హాలు వెనక్కి తీసుకెళ్లింది. గుంత మీది మూత పైన విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. వాటిని తీసి మూత ఎత్తితే లోపలి మట్టి పొడిపొడిగా, చేత్తో తీస్తే వేళ్ల సందుల్లోంచి పిండిలాగా జారింది. వాన ముఖం చూడని మన నేల. తడి ఉంటేనే కరెంటును మింగుతుంది. అవ్వ మొదటి బిందె తనే పోసింది. నీళ్లు పోసిన చోటే మాయమయ్యాయి. ఏడో బిందెకుగానీ పైన నిలవలేదు.

ఆలూరు నుంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు. మరుసటి రోజు వచ్చి కూలర్ మోటారు మార్చాడు. కరెంటు కారితే దానంతటదే పడిపోయే స్విచ్చి ఒకటి మెయిన్ దగ్గర పెట్టాడు. ఆ ఒక్కరోజూ అమ్మాయిలు కిటికీలకు తడి గోనెపట్టలు కట్టుకుని కూర్చున్నారు. పిల్లల్ని పంపము అని చెప్పిపోయిన తల్లులిద్దరూ వచ్చి, పన్నెండు మూతలనూ వరుసగా అరచేత్తో నొక్కి చూసి, బిడ్డల్ని కూర్చోబెట్టి వెళ్లారట. పన్నెండుమందీ పరీక్ష రాశారు. ఒకమ్మాయి మాత్రం సాక్సులు వేసుకునే రాసిందట, అలవాటైపోయి.

షాపుకు తిరిగొచ్చి జరిగింది చెప్పాను. పెద్దాయన విని, పక్కనున్న మెటల్ మూతను ముద్దుగా టకటకమని కొట్టారు. "చూసినావా భాయ్. మెటలు నిజం చెప్పింది."

"చెప్పింది అన్నా, ఒప్పుకుంటున్నా. కానీ మోటారు పాడైన సంగతి ప్లాస్టిక్ ఎవ్వరికీ చెప్పకుండా ఇంటి పరువు కాపాడింది. అది కూడా గుణమే!"

ఆ సాయంత్రం డైరీలో నా నోట్‌బుక్కు మీద నేనే తీర్పు రాసుకున్నాను. ఎక్కడి నుంచి పడిందో రాశాను, ఎవరు పడేశారో రాశాను, ఏం విరిగిందో రాశాను. ఎక్కడ ఉంటుందో ఒక్కసారీ రాయలేదు. ఆ మర్నాటి నుంచి ప్రతి కస్టమర్‌నూ అడగడం మొదలుపెట్టాను, మీ ఇంట్లో ఎర్త్ ఉందా అని. లాప్‌టాప్ కొనడానికి వచ్చినవాళ్లు పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లలాగా తడబడేవాళ్లు.

ఆ హాలు గోడ మీద ఇప్పుడు వంతుల పట్టిక ఉంది. ఊడ్చడం, బోర్డు తుడవడం, గుంతకు నీళ్లు. అన్నం తిన్నాక పళ్లాలు కడిగిన నీళ్లన్నీ అక్కడికే. పన్నెండింటిలో తొమ్మిది ఇంకా పనిచేస్తున్నాయి. రెండింటికి మూలలు సొట్టపోయాయి. ఒకదాన్ని పందికొక్కు వైరు కొరికింది. దానికి మెటలైతేనేం, ప్లాస్టిక్కైతేనేం.

నేను కడపకు వచ్చేస్తున్నప్పుడు షాపులో నా కుర్చీకి మనిషి కావాలన్నారు పెద్దాయన. నేను ఒక పేరు చెప్పాను. కూలర్‌లో నీళ్లు పోసిన అమ్మాయిది. ఆ వేసవి తర్వాత ఆమె పక్క ఊరి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసింది. ఇప్పుడు జేబులో పెన్ను ఉండదుగానీ టెస్టరు ఉంటుంది.

ఆమె చేరిన మూడో రోజు నాకు ఫోన్ వచ్చింది.

"అక్కా, నువ్వు ఈడ ఎన్నేండ్లు పనిచేసినావు?"

"ఐదేళ్లు."

"నీ టేబుల్ కాడ ప్లగ్గుకు ఎర్త్ వైరే ల్యా అక్కా. యాడా ల్యా. గదికే ల్యా. నేను మొదటి రోజే టెస్టరు పెట్టి చూసినా. మూత మీద దీపం పండగ దీపం మాదిరి వెలుగుతాంది."

ఐదేళ్లు నా వేలి కింద గరగరమన్నది అదన్నమాట. ఆమె వెనక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "మేడ మీద గది కదమ్మా! భూమి కిందుండాది. పైకి ఎర్త్ యాడ నుంచి వస్తాది?"

"వైరు దించితే వస్తాది సార్. దించేదాకా నేను మెటల్‌ది ఒక్కటీ ముట్టను. ఇప్పుడే చెప్తాండా."

భాయ్ ఫోన్ లాక్కున్నాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "బేటీ, నువ్వు ఐదేండ్లు నోరు తెరవలేదు. ఈ పిల్ల మూడు దినాలుగా మూయడంల్యా. మెట్ల పక్కన గుంత తవ్వుతాండారు. ఉప్పు, బొగ్గులు తెచ్చేది నా వంతంట!"